బువ్వం బంతిలో పోయిన గడ్డిటోపీ

మా అక్క కూతురి పెళ్లి గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఎవరు ఎంత తిన్నారు, ఏ బండి ఇరుసు విరిగింది, ఎవరు ఎవరి మీద అలిగారు, అన్నీ అందరి చేతా చెప్పించుకుని నవ్వుకుంటారు. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను నోరు తెరిస్తే "మళ్ల టోపి మొదలువెట్టిండు" అని లేచిపోతారు. అందుకే రాస్తున్నాను. కాగితం లేచిపోదు.

యుద్ధం ముగిసిన ఏడాది ఆ టోపీ కొన్నాను. అప్పటిదాకా శంషాబాద్‌లో మా పొలానికి పోయేటప్పుడు నేనూ అందరిలాగే తలకు రుమాలు చుట్టేవాణ్ణి. ఎండాకాలం ఆ గుడ్డ కింద తలంతా చెమటపొక్కులు లేచేవి. ఊరు విడిచిపోతున్న తెల్ల ఆఫీసర్ల సామాను అమ్మే దుకాణం ఒకటి సికింద్రాబాద్‌లో ఉందంటే రైలెక్కి పోయాను.

దుకాణం ముసలాయన నాలుగు గడ్డిటోపీలు ముందు పెట్టాడు. నేను అన్నిటికన్నా తెల్లగా, గట్టిగా ఉన్నది తీసుకున్నాను. ఆయన నవ్వాడు.

"గది అట్ట లెక్కున్నది పటేలా. రంగు జూసి ఎద్దును గూడ కొంటవా ఏంది?"

ఇంకో టోపీని వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు పట్టాడు. "ఈడ చూడు. నేత నడినెత్తిన మొదలైతది. ఆడికెల్లి చుట్టు మీద చుట్టు తిరుగుకుంట కిందికొస్తది. చుట్లు ఎంత దగ్గరుంటె గంత మంచి మాల్."

చూశాను. సూదిమొన పట్టేటంత సందులు, అన్నీ ఒకే తీరు. అంచు దగ్గర గడ్డిపోచలను కోసి కుట్టలేదు, మళ్లీ నేతలోకే తిప్పి అల్లారు. ఆయన అంచును వేలితో వంచి వదిలితే మెల్లగా తన చోటికి తాను వచ్చింది. అదే కొన్నాను. డబ్బు తీసుకున్నాక కూడా ఆయన టోపీ వదలలేదు.

"రెండు చేతులతోని అంచు వట్టి తియ్యి. నెత్తి చిటికెల వట్టి లేపినవంటె ఆడ్నే పగుల్తది. దించినంక ఎల్లకిల పెట్టు. నీళ్లల్ల ముంచకు, ఎండల ఆరెయ్యకు. నేత పోయిన దిక్కే మెత్తటి గుడ్డతోని తుడువు."

ఒక్క మాట తప్పలేదు నేను. మా దిక్కు ఎండలకు గడ్డి పెళుసెక్కుతుంది కాబట్టి వారానికోసారి అన్నం కుండ ఆవిరి సోకేటట్టు కాస్త ఎత్తున పట్టి, అంచును చేత్తో సవరించేవాణ్ణి. పొయ్యి దగ్గర నా భార్య గరిటె పట్టుకుని నిలబడేది.

"టోపి తిన్నంక పిల్లలకు పెట్టాల్నా?"

"జర ఆగు, అయిపోయింది."

"టోపికి ఉప్పు సరిపోయిందా?"

ఊళ్లో వాళ్లయితే నన్ను చూడగానే "దొరవారు వస్తుండ్రు, బాట ఇడువుండ్రి" అని తప్పుకునేవారు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆ దొరతనం వాళ్లకూ కావలసి వచ్చేది. "జర ఒక్కసారి పెట్టుకొని సూస్త" అని ఐదుగురు అడిగారు. ఇవ్వలేదు. ఆ ఐదుగురూ నాకు ఇప్పటికీ గుర్తున్నారు.

మరుసటి ఎండాకాలం మేనకోడలి పెళ్లి. అక్కావాళ్లది జల్‌పల్లి, పెళ్లికొడుకుది బడంగ్‌పేట్. మేనమామను గనక పిల్లను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావడం నా పని. లోపలి గదిలో వడ్ల గుమ్మి మీద టోపీ వెల్లకిలా పెట్టి, "అక్కా, దీన్ని ఎవరినీ ముట్టనియ్యకు" అని ఆమె ఒక్కదానికే చెప్పి గంప ఎత్తాను. లగ్నం అయ్యేసరికి ఒళ్లంతా పసుపునీళ్లు. పంచె ఉతుక్కుని రావడానికి బావి దగ్గరికి పోయాను.

నేను తిరిగి వచ్చేసరికి బువ్వం బంతి నడుస్తోంది. పిల్లా పిల్లగాడూ రెండు వైపుల చుట్టాల మధ్య కూర్చుని ఒకే పళ్లెంలో తినే బంతి అది. అందులో పెళ్లికొడుకు పళ్లెం పక్కకు తోసి అలుగుతాడు. పిల్లవైపు వాళ్లు ఏదో ఒకటి ఇస్తేనే ముద్ద ముట్టాలి. ఈయన చేతిగడియారం అడిగాడట. మా బావ దగ్గర గడియారం ఎక్కడిది? ఎవరో "మేనమామ తన టోపి ఇస్తుండు" అన్నారట. అలక తీరింది. నెత్తిన నా టోపీతో పెళ్లికొడుకు అన్నం కలుపుతున్నాడు. ఆ నెయ్యి చేత్తోనే టోపీ నెత్తి చిటికెతో పట్టి ఎత్తి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మేనమామ అంటె గిట్లుండాలె" అన్నాడు వాళ్ల నాయన. "అడగకముందే ఇచ్చిండు."

"జర పెద్దగయింది మామా. అయినా నడుస్తది" అన్నాడు పెళ్లికొడుకు.

బావ వైపు చూశాను. ఆయన పందిరి ఆకులు చూస్తున్నాడు. మేనకోడలు తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క మాట అన్నానంటే ఆ మహారాజు పళ్లెం వదిలి లేస్తాడని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. "మంచిగ తిను అల్లుడా" అన్నాను. బంతిలో వాళ్లంతా నా పెద్దమనసు మెచ్చుకున్నారు. చేయని పనికి పొగడ్త వినడం ఎంత మంటగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

పందిరి విప్పాక అడిగాను, నా పేరు మీద ఆ మాట అన్నది ఎవరని.

"మీ బావను అడుగు తమ్మీ" అంది అక్క.

"నాకేం ఎర్క బామ్మర్ది, పెద్దమనుషులు అన్నరు" అన్నాడు బావ.

పెద్దమనుషులను అడిగితే, "ఇంట్లకెల్లి తెచ్చిచ్చిండ్రు, మేము సూసినం, గంతే" అన్నారు. మళ్లీ అక్క దగ్గరికి వచ్చి, టోపీ ఎక్కడుందో నీకు తప్ప ఎవరికి తెలుసు అన్నాను. ఆమెకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

నాలుగు నెలల తర్వాత మేనకోడలిని చూడటానికి బడంగ్‌పేట్ పోయాను. గోడ మేకుకు టోపీ వేలాడుతోంది. మేకు నడినెత్తిన దిగి బయటికి వచ్చింది. నెయ్యి మరక పోవాలని కుంకుడురసంలో పిండి, మిద్దె మీద ఆరేశారట. అంచు వేయించిన అప్పడంలా లేచింది.

"నీ టోపి కచ్చా మాల్ మామా" అన్నాడు అల్లుడు. "నాలుగు నెలలు గూడ ఆగలె. కొన్నకాడ నిన్ను మోసం చేసిండ్రు."

ఆయన బయటికి పోయాక మేనకోడలు మంచినీళ్లు ఇచ్చి, మెల్లగా అడిగింది. "మామా, నువ్వు ఇష్టంగనే ఇచ్చినవ్ గద?"

నీళ్లు తాగాను. చెంబు తిరిగి ఇచ్చి, పొద్దుపోతోందని లేచాను.

నాకు టోపీ అక్కర్లేదు. ఇప్పుడు మళ్లీ రుమాలే చుట్టుకుంటున్నాను. నన్ను పిసినారి అన్నా పడతాను. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేమో, ఇచ్చేవాణ్ణి కాదేమో. బావి ఎంత దూరం? ఒక మనిషిని పంపి అడగడానికి ఎంతసేపు? అడగలేదు కాబట్టి ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు ఈనాటికీ తెలియదు. ఇష్టంగా ఇచ్చానంటే అబద్ధం, ఇవ్వలేదంటే ఆ పిల్ల కాపురంలో పుల్ల పెట్టినట్టు.

అక్కా, ఇది నీకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. బావను అడగమనకు, పెద్దమనుషుల మీదికి తోయకు. "మేనమామ ఇస్తుండు" అన్నది నువ్వేనా? ఔనో కాదో నీ నోటితో చెప్పు.