సర్వపిండి తింటేనే ఫోను

ఆ రోజుల్లో పక్క ఊరికి ఫోను చేయాలంటే మనిషికి నోరొక్కటే ఉంటే చాలదు, నిలబడే ఓపిక ఉండాలి. నా దగ్గరికొస్తే పళ్లు కూడా గట్టిగా ఉండాలి! ఎనభైల చివర్లో, మా ఆయన పోయిన మరుసటేడు, మట్టెవాడలో మా ఇంటి ముందుగదికి ఎస్టీడీ బూత్ ఇచ్చారు. నాకు ముప్పై కూడా లేవు. చదువు అక్షరాలు, అంకెల దాకానే (ఫోనుకు అంతకన్నా ఎందుకు?). ఇంట్లో నేనూ, మా అత్తా. కొడుకు పోయాక అత్త చేతులు ఊరుకునేవి కావు. పొద్దున్నే బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, మిరపకాయలు కలిపి, గిన్నె అడుగున ఒత్తి, సర్వపిండి కాల్చేది. “నా కొడుకు లేకున్నా ఇల్లు నా చేతుల మీద నడువాలె” అని పంతం. కొనేవాడే లేడు. సాయంత్రం ఆమె మొహం చూడలేక నేనే ఒక కాయిదా పెట్టాను: సర్వపిండి కొంటేనే ఫోను. దగ్గర్లో ఇంకో బూత్ లేదు మరి! జనం తిట్టుకుంటూ తిన్నారు. నూనె చేతుల్లోంచి రిసీవర్ జారేది. నోటినిండా పెట్టుకొని “అల్లో” అంటే అవతలివాళ్లు రాంగ్ నంబరని పెట్టేసేవారు. వెనక పొయ్యి దగ్గర అత్త మాత్రం మురిసిపోయేది.

రోజూ వచ్చే కొత్త వకీలు ఒకాయన ఓనాడు పల్లీ అనుకొని రాయి కొరికాడు. వారం తిరగకుండా నాకు నోటీసు, టెలిఫోన్ ఆఫీసుకు ఫిర్యాదు. కూడబలుక్కొని చదివితే ‘నిర్బంధ వ్యాపారం’ అని ఉంది. పరుగున పోయి, “నేనెవర్ని కట్టేసిన వకీలు సాబ్?” అని అడిగాను. “ఒకటి కావాలంటే ఇంకోటి కొనాలనుడు తప్పక్కా. బూత్ ఊడుతది” అన్నాడు. ఇక నాకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. బూత్ పోతే బతుకెట్లా అన్నది ఒక భయం. అంతకు మించిన భయం, తన సర్వపిండి ఎవరూ ఇష్టపడి తినలేదని అత్తకు తెలిసిపోతుందని. టెలిఫోన్ ఆఫీసు నుంచి విచారణకు పిలుపొస్తే ఆమేమో, “ఆఫీసుకు ఒక్కదానివే ఎట్ల పోతవే?” అని నాకన్నా ముందు రిక్షా ఎక్కింది.

ఆఫీసరు ముందు వకీలు లేచి, “ఒకదాని కోసం వస్తే రెండోది అంటగడుతాంది సార్” అన్నాడు. అత్త కొంగు బిగించి నా వైపు తిరిగింది.

“ఏందే పిల్లా! నా సర్వపిండి కోసం వచ్చినోళ్లను ఫోను చెయ్యుమని సతాయిస్తానవా? గదానా కేసు?”

వకీలు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నా కళ్లలో ఏం కనబడిందో, “అవునమ్మా. గదే కేసు” అన్నాడు. ఆఫీసరు నవ్వు దాచుకోవడానికి చేతిరుమాలు తీసి, “ఇకనుంచి ఎవరికేది కావాలో అదే కొంటారు. బలవంతం చేస్తే బూత్ తీసేస్తా” అన్నాడు. రిక్షాలో అత్త దారంతా నాకు బుద్ధులు చెప్పింది. “నీ ఫోను నడువకున్నా ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను లేనా?” అంది.

బలవంతం పోయింది, బేరమూ పోయింది. మిగిలినవన్నీ అత్త చూడకుండా నేనే తిన్నాను. ఏడాదిలో నా జాకెట్లన్నీ బిగుతయ్యాయి. “కూసోని చేసే పని గదా, ఫోనుతోని ఒళ్లొస్తది” అని ఆమే కుట్లు విప్పి వదులు చేసిచ్చేది.