తాడు లాగమన్నదెవరు?

ఒక మనిషిని సముద్రం అడుగు నుంచి బస్తాను లాగినట్టు లాగి, నడుము కింద చచ్చుబడేలా చేసి, ఆపైన తప్పంతా అతని తొందరపాటుదేనని విచారణ నివేదికలో రాసి చేతులు దులుపుకున్నారు. రాసినవారు ఏనాడూ నీళ్లలో కాలు తడిపినవారు కారు. సంతకం చేసినవారు ఆ మనిషి ముఖమైనా చూసినవారు కారు.

ఆ మనిషిని రేవులో అందరూ నీరుకాకి అంటారు. అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఓడల పంకాలకు చుట్టుకున్న తాళ్లు కోయడం, ఓడ అడుగున పేరుకున్న గుల్లలు గీకడం అతని పని. మురికి పనే గాని, మునిగినవాడు సాయంత్రానికి ఇంటికి చేరతాడన్న నమ్మకం ఉండేది.

ఆ నమ్మకానికి ఆధారం ఒక కట్టుబాటు. దిగేవాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస అతని బావమరిది చేతిలోనే ఉండాలి. సొంత అన్నదమ్ములకైనా ఇవ్వరు. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడన్న సామెతను మనబోటివాళ్లం నవ్వుకోవడానికి వాడుకుంటాం. ఆ వృత్తివాళ్లు దానికి తమ ప్రాణాలనే వేలాడదీశారు. నీరుకాకి తాడు కూడా పెళ్లయిన నాటి నుంచీ అతని భార్య తమ్ముడి చేతిలోనే ఉంటూ వచ్చింది.

అలాంటి రేవుకు ఒక నిధి కంపెనీ దిగబడింది. ఎప్పుడో తుఫానులో మునిగిన వర్తక ఓడ ఒకటి అక్కడికి దగ్గరలోనే ఉందనీ, దాని కడుపులో వెండి పెట్టెలున్నాయనీ చాటింది. దాని అధిపతి తెల్లటి బూట్లతో పడవెక్కేవాడు కనుక కూలీలు ఆయనకు తెల్లబూట్ల దొర అని పేరు పెట్టారు. ఆయన పంచిన కరపత్రం పోయి ఉంటుందని ఎవరూ సంతోషించనక్కర్లేదు; భద్రంగా ఉంది. అందులో ఒక ఇనుప గది బొమ్మ ఉంది. లోతు నుంచి వచ్చినవాడికి ఒళ్లు తేడా చేస్తే ఆ గదిలో పడుకోబెట్టి, గాలి ఒత్తిడి పెంచి బతికిస్తామని బొమ్మ కింద హామీ ఉంది. పడవలో మాత్రం ఆ గది ఉండవలసిన చోట మెత్తటి సోఫాలు వేశారు. వాటాలు కొనడానికి వచ్చే పెద్దమనుషులు కూర్చోవద్దూ మరి!

నిధి వేట అంటే డబ్బుతో సముద్రాన్ని పూడ్చబోవడమే. పడవ అద్దె, అడుగును వెతికే యంత్రం, అనుమతులు, వకీళ్లు, విందులు. తీరా వెండి దొరికిందే అనుకుందాం. ప్రభుత్వమూ, పాత ఓడ యజమాని వారసులూ, బీమావాళ్లూ వరసకట్టి నిలబడతారు. దొరికితే వాటాకు పదిమంది, దొరక్కపోతే దిగినవాడు ఒంటరి. ఇన్ని ఖర్చుల్లో కోత పెట్టడానికి వాళ్లకు కనబడింది ఆ ఇనుప గది ఒక్కటే.

ఆ ఓడ దగ్గర దిగడానికి కంపెనీ నీరుకాకిని కూలికి పెట్టుకుంది; తాడు ఎప్పటిలాగే బావమరిది చేతిలో. టార్పాలిన్లు కుట్టే అతని భార్యకు మొదటి నుంచీ అనుమానమే.

“చుట్టాలొచ్చిన రోజే పాలిచ్చే గేదెను ఎక్కడైనా చూశావా?” అని మిషను తొక్కుతూనే అడిగింది. “ఉత్త రోజుల్లో దిగితే ఇసుక. వాటాలు కొనేవాళ్లొస్తే పళ్లెమో, నాణెమో. ఏమయ్యా, ఆ ఓడకి మనుషుల్ని చూసి మొహమాటమా?”

“నీకు పాలల్లోనూ నీళ్లే కనిపిస్తాయి. నా చేత్తో తెచ్చానే బాబూ!”

“తెచ్చింది నువ్వే. పెట్టిందెవరో?”

నవ్వేశాడు గాని, ఆ మాట అతణ్ణి వదల్లేదు. తర్వాత దొరికిన నాణెం మరీ నున్నగా, ఎవరో ఎదురుచూసి అందించినట్టుగా అనిపించింది. అయినా దిగాడు. రేవు పని కంటే కూలి ఎక్కువ, ఇంటికి అవసరాలు ఎక్కువ.

అతిథులతో పడవ కిటకిటలాడిన ఒక రోజున గాలి మారి అలలు లేచాయి. అప్పటికి నీరుకాకి పని ముగించుకుని పైకి వస్తూ మధ్యలో ఆగి ఉన్నాడు. అక్కడ ఆగడం బద్ధకం కాదు. లోతులో పీల్చిన గాలి నెత్తురులో కరిగి ఉంటుంది. మెల్లగా, ఆగి ఆగి వస్తేనే అది తిన్నగా బయటపడుతుంది. ఒక్కసారిగా వస్తే సోడాబుడ్డి మూత తీసినట్టు ఒళ్లంతా బుడగలే. అతను అలా ఆగి ఉండగానే తాడు బిగిసింది. ఆపమని గుంజాడు. మళ్లీ గుంజాడు. తాడు ఆగలేదు.

పడవలోకి లాగాక, సోఫాలు తడుస్తాయని అతణ్ణి బల్లచెక్కల మీదే పడుకోబెట్టారు. ఒడ్డు చేరేసరికి కాళ్లు అతనివి కావు. సముద్రం అడుగు చూసివచ్చినవాడు ఇంట్లో ఒక్క అడుగు వేయలేకపోయాడు.

విచారణలో బావమరిది నేల చూపులు చూస్తూ, “పైకి లాగమని బావే సైగ చేశాడనుకున్నాను” అన్నాడు. అంతటితో నివేదిక తేలిపోయింది. నీరుకాకి గుండెలో మాత్రం ముల్లు దిగింది. తను చేసిన సైగ ఏదో తనకు తెలుసు. బతక కోరవలసిన చెయ్యి ఎందుకు లాగింది? డబ్బు ముట్టిందా? తన చోటు మీద ఆశ పుట్టిందా? బావమరిది మందులు తెచ్చి ఇచ్చినప్పుడల్లా, కూర్చోకుండా చక్రాల కుర్చీ వైపు చూస్తూ నిలబడినప్పుడల్లా, ఆ ప్రశ్న నీరుకాకి నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. వినరానిది వినవలసి వస్తే భార్యకు తమ్ముడు కూడా లేకుండా పోతాడు.

ఒక మధ్యాహ్నం గది నిండా టార్పాలిన్ పరిచి ఆమె అంచులు కుడుతుండగా బావమరిది వచ్చాడు. తలుపు వెనక వేలాడుతున్న రబ్బరు సూటును చూస్తూ నసిగాడు.

“బావా, అది ఖాళీగానే ఉంది కదా... ఓసారి ఇస్తావా?”

మిషను ఆగింది. “ఎందుకురా? దిష్టిబొమ్మకి తొడుగుతావా?”

“కంపెనీవాళ్లు మళ్లీ వెళ్తున్నారక్కా. ఈసారి నన్ను దిగమన్నారు.”

“ఈ ఇంటికి ఒక చక్రాల కుర్చీ చాల్లేదా? జత కావాలా?”

నీరుకాకి చెయ్యెత్తి భార్యను ఆపాడు. “తీసుకోరా. నీకు సరిపోతుంది. తాడు ఎవరు పట్టుకుంటారు?”

“దొరగారి మేనల్లుడు.”

“నీకేమవుతాడు?”

“ఏమవుతాడు? ఏమీ కాడు.”

“అయినవాడు పట్టుకుంటేనే నేనిలా ఉన్నాను. కానివాడు పట్టుకుంటే నువ్వెలా ఉంటావురా?”

బావమరిది టార్పాలిన్ మీదే కూలబడ్డాడు.

“నువ్వు గుంజడం నా చేతికి తెలిసింది బావా. ఆగమన్నావని తెలుసు. ‘మనిషి మధ్యలో ఉన్నాడండీ’ అని మొత్తుకున్నాను. ‘వచ్చినవాళ్లు వాంతులు చేసుకుంటున్నారు, వాళ్లు వాటాలొద్దంటే మీ బావ కూలి నువ్విస్తావా, లాగు’ అన్నాడు దొర. మేనల్లుణ్ణి కూడా తాడు మీదికి తోలాడు. ఇద్దరం లాగాం.”

“మరి విచారణలో నోట్లో ఏం పెట్టుకున్నావు?” అంది అక్క.

“నోరు విప్పితే బావ ఆసుపత్రి ఖర్చు ఆపేస్తామన్నారక్కా.”

“విప్పకపోయినా ఆపేశారుగా! ఆ రోజు నీ చేతిలో ఉన్నది మీ బావ తాడొక్కటే అనుకున్నావా? నా తాడు కూడా అదేరా!”

నీరుకాకి వెంటనే కరిగిపోలేదు. ఇన్నాళ్లూ లేని నిజం, వీడు మునగవలసి వచ్చేసరికి గుర్తొచ్చిందా? బావమరిది కళ్లలోకి సూటిగా చూశాడు. “నాకు చెప్తే ఏం లాభం? రేవు కచేరీలో చెప్పు. చెప్పొచ్చాక నమ్ముతాను.”

బావమరిది మర్నాడే కచేరీకి వెళ్లి, లాగమని దొరే ఆజ్ఞాపించాడని వాంగ్మూలం రాసి ఇచ్చాడు. ముద్ర వేయించుకున్న నకలు ఉంది. విచారణాధికారి, “అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా? ఆ వ్యవహారం ముగిసింది” అన్నాడు. కొత్త పని దక్కలేదన్న అక్కసుతో కల్లబొల్లి మాటలు చెబుతున్నాడని కంపెనీ ఈసడించింది. పనీ పోయింది, మాటా చెల్లలేదు.

ఆ సాయంత్రం అతను బావ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

“చెప్పావా?”

“చెప్పాను బావా. ఎవరూ వినలేదు.”

“నేను విన్నాను. రా, కూర్చో.” నీరుకాకి మంచం మీద పక్కకు జరగబోయాడు. కాళ్లు సహకరించలేదు. బావమరిదే వాటిని రెండు చేతులతో ఎత్తి జరిపి, ఆ పక్కన కూర్చున్నాడు.

కంపెనీ ఊరుకోలేదు. ఎక్కడినుంచో, నా అన్నవాళ్లు లేని ఒక ఈతగాణ్ణి తెచ్చిందట. పడవకు రంగులు వేస్తున్నారు. ఇనుప గది జాడ ఇప్పటికీ లేదు.

ముగిసిందని చెప్పిన విచారణాధికారిగారూ! మీరు వినకుండా తిప్పిపంపిన వాంగ్మూలాన్ని, పడవలో ఆ రోజు ఉన్న ప్రతి అతిథినీ పిలిపించి, వారి ఎదుట విచారించండి. తాడు లాగమన్నదెవరో నివేదికలో రాయండి. అది తేలేవరకు ఆ పడవను రేవు దాటనివ్వకండి. తెల్లబూట్ల దొరగారూ, తాడు కొసన అయినవాడు లేని ఆ కొత్త మనిషిని నీళ్లలోకి దింపకండి.