ఇనపబాబు 'నువ్వు' అన్నాడు

పొద్దున్నే లేచి తన మొహం కడుక్కోకముందే ఆమె టీవీ మొహం తుడిచేది. కిటికీ వీధి వైపు ఉండడంతో వచ్చేపోయే బండ్ల దుమ్మంతా తెర మీద సన్నగా పేరుకునేది. ఆసుపత్రిలో పనికిరాదని తీసేసిన మెత్తటి దుప్పటి ముక్కను అడిగి తెచ్చుకుంది. దానితో నాలుగు మూలలూ తుడిచి, "ఇక నీ పని సాయంత్రమే" అని చెప్పి స్నానానికి పోయేది. దేవుడికి దండం ఆ తర్వాతే. ముందు దేవుడు కదా అని పక్కింటావిడ అంటే, "దేవుడికి దుమ్ము అంటదమ్మా, దీనికి అంటుతుంది" అని నవ్వేది.

ఆమె ఉద్యోగం ఆసుపత్రి దుప్పట్ల గదిలో. ఉతికి వచ్చినవాటిని మడవడం, చిరిగితే కుట్టడం, వార్డులకు పంపడం ఆమె పని. అక్కడ అందరికీ ఆమె దుప్పట్లమ్మ. పిల్లల వార్డుకు వెళ్ళే దుప్పటిని మాత్రం ఒకసారి చెంపకు ఆనించి చూసేది. గరుగ్గా తగిలితే పక్కన పెట్టి మళ్ళీ ఉతకమనేది. అలా చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెద్ద దుప్పటి మడవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరో రెండు మూలలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి రావాలి. మూలలు చేతులు మారేటప్పుడు వేళ్ళకు వేళ్ళు తగులుతాయి. ఇంట్లో ఆ రెండో మనిషి ఆమె భర్త మొదటి భార్య కూతురు.

భర్త లారీ తోలేవాడు. నెలలో సగం రోజులు దారి మీదే ఉండేవాడు. మొదటి భార్య పోయిన మూడేళ్ళకు ఈమెను చేసుకున్నాడు. అప్పటికి ఈమెకు ముప్పై మూడు, పిల్లకు తొమ్మిది. కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రం, తలుపు చాటున నిలబడ్డ పిల్లను ఎలా పలకరించాలో తోచలేదు. రోగుల బంధువులతో మాట్లాడే అలవాటు కాస్తా నోట్లోంచి దూకింది.

"మీకు ఆకలిగా ఉందా అండీ?"

పిల్ల ఒక్క క్షణం చూసి, అంతే మర్యాదగా, "లేదండీ. మీకు?" అంది.

ఈమె రెండు రోజుల్లోనే నాలుక కరుచుకుని 'నువ్వు'లోకి దిగిపోయింది. పిల్ల దిగలేదు. తండ్రిని 'నువ్వు' అనేది, పక్కింటి ముసలావిడనూ 'నువ్వు' అనేది. ఈమె దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'పిన్నీ, మీరు'. ఎదురు మాట్లాడిన పాపాన పోలేదు, ఈమెకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తల పట్టేది. అయినా పదకొండేళ్ళు అదే 'మీరు'. "మా ఇంట్లో నేనొక్కదాన్నే చుట్టాన్ని" అని దుప్పట్లమ్మ ఒకసారి, అదే గదిలో పనిచేసే నాతో అని, వెంటనే సూదిలోకి దారం ఎక్కించే పనిలో పడింది.

ఆ ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టింది ఒక సీరియల్. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథ. ఎక్కడిదో తెలుగులోకి డబ్బింగు చేసి, శనివారం సాయంత్రం ఏడింటికి వేసేవారు. పిల్లకు సైన్సంటే పిచ్చి. ఈమె మొదట్లో కూరగాయలు తరుగుతూ వెనక నుంచి చూసేది, నెల తిరిగేసరికి కత్తిపీట మూలకు పోయింది. ఓడను నడిపే కెప్టెన్ ఒక నడివయసు ఆవిడ. ఆమెకు కుడిభుజం ఒక మరమనిషి. వాడికి దుప్పట్లమ్మ పెట్టుకున్న పేరు ఇనపబాబు. ఎవరో చేసి, పాత సామాన్ల గుట్టలో వదిలేసిపోతే కెప్టెన్ తెచ్చుకుని సాకింది. అందుకే ఈమెకు వాడంటే ప్రాణం.

తెర మీద ఓడ అంటుకుంటే పిల్ల ఇంధనం గురించి విడమరచి చెప్పేది. ఈమె అంతా విని, "అది సరేగానీ, అంతమంది పడుకునే ఓడలో దుప్పట్లు ఎవరు ఉతుకుతారో ఒక్క వారమైనా చూపించరేం?" అనేది. పిల్ల పడీ పడీ నవ్వేది.

మూడేళ్ళు అలా గడిచాయి. పిల్ల ల్యాబ్ టెక్నీషియన్ చదువు పూర్తిచేసింది. ఐదు గంటల బస్సు ప్రయాణం అంత దూరంలో రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం దొరికింది. బయలుదేరే లోపల ఇంకా మూడు శనివారాలు ఉన్నాయి.

మొదటి శనివారం ఓడ తలుపు పాడైంది. ఇనపబాబు అందులో ఇరుక్కున్నాడు. కెప్టెన్ తన ప్రాణం లెక్కచేయకుండా చెయ్యి చాచింది. అన్నాళ్ళూ "మీ ఆజ్ఞ కెప్టెన్" అంటూ వచ్చినవాడు, "వద్దు, నువ్వు వెనక్కి వెళ్ళు" అన్నాడు.

"విన్నావా? 'నువ్వు' అన్నాడు" అంది దుప్పట్లమ్మ.

"డబ్బింగు వాళ్ళ పొరపాటు పిన్నీ. రాసే మనిషి మారుంటాడు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట, మీకు తెలీదా?"

సోమవారం దుప్పట్ల గదిలో పంచాయితీ అదే. ఉతుకు మిషను నడిపే పెద్దాయన్ని అక్కడ నురగమామ అంటారు. ఆయన ఆ సీరియల్ ఒక్క శనివారం కూడా వదలడు. ఇనుముకు పొగరెక్కిందని, ఇవాళ 'నువ్వు' అన్నవాడు రేపు 'ఏమే' అంటాడని తేల్చేశాడు.

దుప్పట్లమ్మ ఒప్పుకోలేదు. "పొగరైతే వెనక్కి వెళ్ళమని ఎందుకంటాడు మామా? ప్రాణం మీదికొచ్చినప్పుడు మర్యాద గుర్తుండదు. సొంత మనిషే గుర్తుంటుంది."

ఆయన ఏమనుకున్నాడో, ఆ రోజు పిల్లల వార్డు దుప్పట్లు అడక్కుండానే రెండోసారి నీళ్ళలో జాడించి తెచ్చాడు.

రెండో శనివారం పొద్దున ఆమె టీవీని రెండుసార్లు తుడిచింది. సాయంత్రం ఏడింటికి ఇనపబాబు వచ్చాడు, తలుపులో నలిగి బాగుపడ్డ చెయ్యి ఎత్తి నమస్కరించాడు. "మీరు క్షేమమేనా కెప్టెన్?" అన్నాడు.

"చూశారా పిన్నీ, పొరపాటే" అంది పిల్ల.

"అవునులే" అని దుప్పట్లమ్మ వెలిగించని పొయ్యి చూసి రావడానికి లోపలికి వెళ్ళింది.

మూడో శనివారం పిల్ల పెట్టె సర్దుకుంది. తెల్లారితే ప్రయాణం. దుప్పట్లమ్మ రెండు దుప్పట్లు ఉతికి ఆరేసి, చెంపకు ఆనించి చూసి పక్కన పెట్టింది. ఏడు కావస్తుండగా ఇద్దరూ మడవడానికి నిలబడ్డారు. విదిలించారు, ఎదురెదురుగా నడిచి వచ్చారు. పిల్ల మూలలు అందించింది. ఈమె వాటితోపాటు ఆ పిల్ల వేళ్ళనూ పట్టుకుని వదల్లేదు.

"టైమైంది పిన్నీ. మీ ఇనపబాబు వచ్చేస్తాడు."

"రానీలే. నీతో చిన్న పని పడింది. సాయం అనుకో."

"చెప్పండి."

"అమ్మా అనమని అడగను. ఆ మాట మీ అమ్మది, ఆవిడకే ఉండాలి. పిన్ని బాగుంది." చూపు దుప్పటి అంచు మీదికి దించుకుంది. "అక్కడికెళ్ళాక ఫోన్ చేస్తావు కదా. ఫోన్లో మొహం కనపడదు, మొహమాటమూ ఉండదు. 'తిన్నారా' అనకుండా, ఒక్కసారి 'తిన్నావా' అని అడుగు. నోరు జారినట్టే అడుగు. పైవారం మళ్ళీ 'మీరు' అన్నా ఏమీ అనుకోను. డబ్బింగు పొరపాటనుకుంటాను."