చిల్లులు లేని మేత సంచులు

గణపవరం దగ్గర తన అన్నగారి చేపల చెరువుల్లో ముప్పై ఏళ్ళుగా మేత కడుతున్న అబ్బాయిరాజు, ఆ రోజు తవుడు సంచులకు చేపలు మేత లాక్కునే చిల్లులు పొడవకుండానే నీళ్ళలో వేలాడదీశాడు. సాయంత్రానికి సంచులు నిండుగానే ఉన్నాయి. చేపలకు పస్తే. మరునాడూ అంతే.

భార్య వీరదుర్గ అతన్ని ఏలూరు తీసుకెళ్ళింది. మెదడులో ప్రొటీన్లు చెడి ముద్దకడుతున్నాయేమో చూడాలని, పరిశోధన కోసం వెన్నులోంచి కాస్త నీరు తీస్తామని డాక్టర్లు అన్నారు. అబ్బాయిరాజు సరేనన్నాడు. అన్నగారే అడ్డుపడ్డారు.

“వాడికి వయసు మీద పడిందమ్మా. మతిమరుపుకు కూడా పరీక్షలా?”

వీరదుర్గ ఆసుపత్రివాళ్ళ ఒప్పుకోలు కాగితం మీద భర్త సంతకం పక్కన తన సంతకం పెట్టింది.

“చేప పైకొచ్చి నోరు తెరిస్తే చాలు, సీసాలో నీళ్ళు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెడతారు కదా బావగారూ. చేపకు వయసైపోయిందని ఒక్కనాడైనా ఊరుకున్నారా అండీ?”