మంచులో అవ్వ కొడుకు

నా చిన్నప్పుడు కాటన్‌పేట వఠారంలో పక్కింటి అవ్వ గోడమీద ఒక ఫొటో ఉండేది. మంచుకొండలు, కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని, రెండు చేతుల్లో కర్రలతో జారుతున్న మనిషి. టోపీ, నల్ల కళ్లద్దాలు, ముఖం కనబడదు. మిలిటరీలో చేరి ఆ మంచులోనే పోయిన అవ్వ కొడుకు అతడేనని అందరం అనుకునేవాళ్లం. అతని పెట్టెలో దొరికిన ఒక్క ఫొటో అదే. మా తాతయ్యే దానికి ఫ్రేము కట్టించి తెచ్చాడు. అవ్వ రోజూ ఆ మనిషి నుదుటికి కుంకుమ పెట్టి, "చలి ఎక్కువగా ఉండాదా నాయనా?" అని పలకరించేది.

నాకప్పుడు పదేళ్లు. ఇంగ్లీషు బడిలో చదువుతున్నానని ఒళ్లంతా పొగరు. కనబడిన ప్రతి బోర్డూ పైకి చదవాల్సిందే. మహాలయ అమావాస్యనాడు, పెద్దలకు పూజ చేసుకునే ముందు, అవ్వ ఆ ఫొటో దించి తుడవమని నాకిచ్చింది. తుడుస్తుంటే వెనక అట్ట ఊడింది. ఫొటో వెనక ఇంగ్లీషులో రెండు వరుసలు రాసి ఉన్నాయి. చదివాను. చదివి ఊరుకున్నానా? వఠారమంతా కూర్చుని ఉండగా గొంతెత్తి అరిచాను.

"అవ్వా, ఈయన నీ కొడుకు కాదు! ఆఫీసరంట. ఫొటో తీసింది నేనని నీ కొడుకే రాసినాడు. ఇన్నేళ్లూ ఎవరికో బొట్టు పెట్టినావు!"

నా నోరు పడిపోను! మా అమ్మ నా జబ్బ గిల్లింది. అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని మా తాతయ్య వైపు తిరిగింది.

"అయితే నా బిడ్డ యాడుండాడన్నా?"

తాతయ్య ఫొటో అందుకుని, వెతుక్కోకుండానే, అడుగున ఒక మూల వేలు పెట్టాడు. అక్కడ మంచుమీద, కెమెరా ఎత్తి పట్టుకున్న మనిషి నీడ పడి ఉంది.

"ఈడే ఉండాడు చూడమ్మా. ఫొటో తీసినోడు వీడే కదా."

అవ్వ ఆఫీసరు నుదుట మిగిలిన బొట్టు కొంగుతో తుడిచి, వేలితో ఆ నీడకు కుంకుమ పెట్టింది. పెట్టి, భోరుమంది. నేను మా ఇంట్లోకి పరుగెత్తి మంచం కింద దూరాను. అప్పుడు తట్టింది నాకు, తాతయ్య వేలు అంత సూటిగా ఎలా వెళ్లిందో. ఫ్రేము కట్టించినప్పుడే ఆయన ఆ రాత చదివాడు. చదివి, అన్నేళ్లూ నోరు మెదపలేదు.

సాయంత్రం అవ్వే వడలు పట్టుకుని వచ్చి, వంగి మంచం కిందకి చూసింది. "తిను అమ్మణ్ణీ. నువ్వు చదవబట్టే కదా వాడు దొరికినాడు" అంది.

ఇప్పుడు మనవరాళ్లు ఫోన్లో మంచుకొండల ఫొటోలు చూపిస్తే, నా చూపు ముందుగా అడుగున నీడకోసం పోతుంది. అవ్వ నన్ను ఒక్క మాటైనా తిట్టి ఉంటే బాగుండేది. డెబ్బై దాటినా, ఆ వడ నాకింకా గొంతు దిగలేదు.