గుడి లేని లోయ

పాలకుర్తి గుట్ట దగ్గర పూలు అమ్ముకునే ఆమెకే మొట్టమొదట అనుమానం వచ్చింది. నిన్నమొన్నటి దాకా ఏ కార్తీక మాసంలోనో కారులో వచ్చి దండం పెట్టుకుని పోయిన తొర్రూరు సేటమ్మ, ఇప్పుడు ఆదివారం ఆదివారం తెల్లవారుతూనే వచ్చి, వీపుకు బరువైన సంచి తగిలించుకుని మెట్లెక్కుతోంది. గుడి దాకా ఎక్కి, బయటి నుంచే ఒక దండం పెట్టి, గుక్కెడు నీళ్లు తాగి దిగిపోతోంది. దిగిన మనిషి ఇంటికి పోతుందా అంటే పోదు. మళ్లీ ఎక్కుతోంది.

"గింత కఠినం మొక్కు ఏం మొక్కినవమ్మా?" అని అడిగింది పూలామె, ఉండబట్టలేక.

ఆ సేటమ్మకు, అంటే లీలకు, ఆయాసంతో నోట మాట రాలేదు. చెయ్యి ఊపింది. ఏమీ లేదని చెప్పడానికే ఊపింది గాని, బయటికి చెప్పుకోరాని మొక్కు కాబోలు అనుకుంది పూలామె. సంచిలో ఏముందని అడిగితే మాత్రం ఊపిరి తీసుకుని నిజమే చెప్పింది: "బియ్యం." నిజంగా బియ్యమే. కొండల్లో మోయాల్సిన బరువు ముందే అలవాటు కావాలని ఇంట్లో బియ్యం తెచ్చి వీపుకెత్తుకుంది. పూలామె రెండు చేతులూ జోడించి, మూరెడు మల్లెపూలు డబ్బులు తీసుకోకుండా చేతిలో పెట్టి పంపింది.

ఊళ్లో ఒక కబురు పుట్టడానికి ఇంతకన్నా సరంజామా అక్కర్లేదు.

లీలకు యాభై దాటాయి. భర్త కైలాసానికి తొర్రూరు బజారులో, ఇంటి ముందు భాగంలోనే స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. పెళ్లయి వచ్చిన కొత్తలో గల్లా పక్కన ఆమెకో స్టూలు వేశారు. స్టూళ్లు మారాయి గాని చోటు మారలేదు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఆడపిల్ల కాపురానికి పోయినా బిందెలూ గంగాళాలూ లీల చేతుల మీదుగా పోవాల్సిందే. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. పట్టు పడితే మాత్రం ఉడుము పట్టు. పుట్టిల్లు టేకుమట్ల. చిన్నప్పుడు ఊరి వాగు గట్టు పట్టుకుని ఎటు పోతోందో తెలియకుండా నడుస్తూ పోయేదట, ఎవరో ఒకరు సైకిలు మీద పోయి పట్టుకొచ్చేవారట. పెద్దమనిషి అయ్యాక ఆ తిరుగుడు మాన్పించారు. తానూ దాన్ని మరిచిపోయాననే అనుకుంది.

గుర్తు చేసింది మేడ మీద అద్దెకుండే జ్యోత్స్న. ఆమె ప్రభుత్వ బడిలో టీచరు. ఎండాకాలం సెలవుల్లో హిమాచల్‌లోని హమ్టా అనే లోయకు పోయి, నాలుగైదు రోజులు నడిచి, ముఖం కమిలిపోయి తిరిగొచ్చింది. వచ్చిన సాయంత్రమే ఫోనులో వీడియోలు చూపించింది. కనుచూపు మేరా పచ్చిక, దాని మధ్య తెల్లగా దూకే వాగు, మీద మంచు, వీపున సంచులతో వరుసగా మనుషులు.

"గింత కష్టపడి నడిస్తే ఆఖరికి ఏం గుడి వస్తది?" అని అడిగింది లీల.

"ఏ గుడీ రాదు లీలక్కా. నడుసుడే. అవుతల దిక్కు దిగుడే."

ఆ మాట లీలను పట్టుకుని వదల్లేదు. దుకాణంలో కూర్చుని తాను చేసిన ప్రయాణాలన్నీ తలుచుకుంది. తిరుపతికి పోయింది, కొడుకు శ్రీధర్ పుట్టువెంట్రుకలకు. వేములవాడకు పోయింది, కైలాసానికి కామెర్లు తగ్గితే. హైదరాబాదుకు పోయింది, అత్తగారి కంటి ఆపరేషనుకు. పెళ్లిళ్లకూ చావులకూ సరేసరి. ఎక్కడ బస్సు దిగినా ఒక పని ఆమె కోసం ముందే వచ్చి నిలబడి ఉండేది. ఎవరి కోసమూ కాకుండా, ఏమీ కోరుకోకుండా ఒక్కసారి కూడా ఆమె ఊరు దాటలేదు. దేవుడంటే భక్తి లేక కాదు. శివుడు ఆ కొండల్లో ఎటూ ఉంటాడు. ఎదురైతే ఏమీ అడగకుండా పక్క నుంచి నడిచిపోవాలని ఆమె ముచ్చట. ఆయనకూ కాస్త హాయిగా ఉంటుందనుకుంది.

వానలు తగ్గాక వెళ్లే ఒక గుంపులో జ్యోత్స్న ఇద్దరికీ చోటు మాట్లాడింది. కాజీపేటలో రైలు, ఢిల్లీలో బస్సు, మనాలి దాటాక నడక, గుడారాల్లో పడక. లీల పనిలో దిగింది. వరంగల్ దవాఖానలో గుండె చూపించుకుంటే డాక్టరు పోవచ్చన్నాడు. చీరతో బండలెక్కడం కుదరదని జ్యోత్స్న చెబితే, తలుపు గడియ పెట్టుకుని ట్రాక్ ప్యాంటు వేసుకుని, అద్దంలో తనను చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. కొత్త బూట్లు కొండ మీద కరుస్తాయట. అందుకని గల్లా పక్కన కూర్చున్నప్పుడు కూడా చీర కింద బూట్లతోనే కూర్చుంది. ఇంతా చేసి, అసలు ఒప్పుకోవాల్సిన కైలాసం ససేమిరా అన్నాడు.

"ఆడ ఏమున్నదని?"

"కొండలున్నయి."

"మన దిక్కు గుట్టలు లేవా? బద్రీనాథ్ అను, కేదార్‌నాథ్ అను, దానికొక అర్థమున్నది, నేను గూడ వస్త. గుడి లేదు, గోపురం లేదు, నడుస్తందుకు గంత దూరం పోతరా? నలుగురు అడిగితే నేనేం చెప్పాలె?"

కైలాసం చెడ్డవాడు కాడు. భార్యను ఒక దెబ్బ కొట్టినవాడు కాడు, ఒక పూట పస్తు పెట్టినవాడు కాడు. కాకపోతే ఆ నలుగురికీ పుట్టినప్పటి నుంచీ జవాబు చెప్పుకుంటూనే బతికాడు. చివరికి ఆయన మనసు మార్చింది కూడా ఆ నలుగురే.

పాలకుర్తి పూలామె దగ్గర పుట్టిన కబురు తొర్రూరు చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. సేటమ్మ హిమాలయాలకు కాలినడకన పోతోందట. కోడలి కడుపు పండాలని మొక్కుకుందట. శ్రీధర్‌కు పెళ్లయి నాలుగేళ్లు దాటింది, ఇంట్లో పిల్లల్లేరు. కాబట్టి మొక్కు దేనికో ఊరు తనంతట తానే తేల్చేసింది. ఒకరోజు బట్టల దుకాణం జగదీష్ వచ్చి, "అన్నా, వదిన అసొంటి మనిషి ఇంట్ల ఉండాలంటే రాసిపెట్టి ఉండాలె," అని కైలాసం రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సాయంత్రం కైలాసం ముఖం వెలిగిపోతూ ఇంట్లోకి వచ్చాడు.

"మొక్కు అని ముంగటనే చెప్పొద్దా? నేను వద్దంటనా?"

లీల కాదని చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుంది. ఆమెను ఎంత ఇష్టపడేవాళ్లయినా ఇక్కడ ఆమెది తప్పేనని ఒప్పుకోవాలి. ఒక్క మాట మింగితే హమ్టా లోయ చేతికందుతోంది. మింగేసింది.

ఇక అన్నీ చకచకా జరిగిపోయాయి. కైలాసమే టికెట్లు చేయించాడు. వరంగల్ పోయి ఉన్ని టోపీ తెచ్చాడు. ఆడబిడ్డలు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఇంటికి ముడుపులు రావడం మొదలైంది. కోరిక మనసులో చెప్పుకుని, పసుపు గుడ్డలో ఒక రూపాయి బిళ్ల కట్టి, దేవుడి దగ్గరికి పోయేవాళ్ల చేతికిస్తారు. వాళ్లు హుండీలో వేస్తే కోరిక దేవుడికి చేరినట్టే. కూలి పని మానుకుని మరీ వచ్చింది పక్క పల్లె నుంచి కొమురమ్మ.

"సేటమ్మా, మా కొడుకు యాకయ్య కాలిరిగి మంచంల వడ్డడు. నువ్వు నడిచి పోతున్నవట గదా. నడిచొచ్చినోళ్ల మాట దేవుడు తప్పకుంట ఇంటడు," అని ముడుపు కళ్లకద్దుకుని లీల చేతిలో పెట్టింది.

ఆ లోయలో హుండీ ఎక్కడుంది? లీల కాదని చెప్పలేక తీసుకుంది. పూజగదిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది, అది రోజురోజుకూ నిండుతోంది. పోయే దారిలో ఏదో ఒక గుడిలో వేస్తే సరి, ఢిల్లీలో గుళ్లు లేవా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"నిజం చెప్పరాదు లీలక్కా?" అంది జ్యోత్స్న ఒకసారి.

"చెప్తే పోనియ్యడు," అంది లీల.

కోడలు సంధ్య గురించి మాత్రం ఆమె ఆలోచించలేదు. సంధ్య నెమ్మది పిల్ల. చదువుకుంది, దుకాణం లెక్కలన్నీ కంప్యూటర్లో చూసేది ఆమే. ముడుపుతో వచ్చిన ప్రతి ఆడమనిషికీ కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. వాళ్లు నీళ్లు తాగి, ఆమె పొట్ట వంక ఒకసారి చూసి, నిట్టూర్చి, "అత్తంటే గట్లుండాలె," అని పోయారు. ఆ మాటకు సంధ్య నవ్వి ఊరుకునేది.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒకనాటి మధ్యాహ్నం, లీల దారికి చేసిన పుట్నాల పొడి డబ్బాకెత్తుతోంది. సంధ్య వచ్చి గోడకానుకుని నిలబడింది. చేతిలో పసుపు గుడ్డ ముడి.

"అత్తమ్మా, ఇది గూడ తీస్కపోండి."

"ఎవరిచ్చిండ్రు బిడ్డా?"

"నాదే."

లీల గరిటె పక్కన పెట్టి తలెత్తి చూసింది.

"నాకు గివన్నీ నమ్మకం లేదని మీకు తెలుసు. కానీ మీరు ఈ వయసుల నా కోసం మంచులవడి నడుస్తుంటే నేను ఉత్తగ కూసుంటే ఏం బాగుంటది?" సంధ్య ముడుపును లీల ముందుకు చాపింది. "రోజూ భయమైతున్నది అత్తమ్మా. ఆడ మీకేమన్న అయితే, కోడలి కోసం పోయి పానం మీదికి తెచ్చుకున్నదంటరు. గది గూడ నా మీదనే వడతది."

లీలకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్లయింది. తాను హాయిగా నడిచి రావడానికి ఈ పిల్ల నెత్తిన ఎంత బరువు పెట్టిందో అప్పుడు గాని ఆమెకు తెలిసిరాలేదు. ముడుపు తీసుకోలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, పూజగదిలోని డబ్బా చంకనెత్తుకుని, నేరుగా దుకాణంలోకి నడిచింది.

దుకాణంలో బేరం జోరు మీద ఉంది. పెళ్లి సామాన్లకు వచ్చిన రఘునాథపల్లి వాళ్లు ఒక పక్క, బజారు ఆడవాళ్లు నలుగురైదుగురు ఒక పక్క, కొడుకు కాలు సంగతి చెబుతూ కొమురమ్మ, గల్లా దగ్గర కైలాసం. లీల డబ్బా తెచ్చి గల్లా బల్ల మీద పెట్టింది.

"ఎవరి ముడుపు వాళ్లు తీస్కపోండ్రి. నేను పోయే కాడ గుడి లేదు. నేనేం మొక్కు మొక్కలేదు. మా కోడలి కోసం పోతలేను, ఎవ్వరి కోసం పోతలేను. నాకు నడవాలనున్నది, నడుస్తందుకు పోతున్న. మీరు మొక్కు అంటే నోరు మూస్కున్న, గది నాదే తప్పు."

ఒకామె ముక్కున వేలేసుకుంది. ఇంకొకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొమురమ్మ డబ్బాలో వెతికి తన ముడి తాను తీసుకుంది. "నడుస్తందుకు గూడ పోతరా అమ్మా?" అని అడిగింది. ఆ గొంతులో ఎగతాళి లేదు, ఆశ్చర్యమే ఉంది. "నన్ను తిట్టుకోకు కొమురవ్వా," అంది లీల, ఆమె ముఖంలోకి చూడలేక. కొమురమ్మ ముడుపు రొంటిన దోపుకుని, తిట్టకుండానే పోయింది.

అందరూ పోయాక కైలాసం నోరు విప్పాడు. "బజార్ల నా ఇజ్జత్ తీసినవు. మొక్కు లేదంటే పోయేది గూడ లేదు. టికెట్ వాపస్ చేపిస్త."

"చేపియ్యండి. బస్సుకన్న పోత," అంది లీల, మెత్తగానే. "పెండ్లయిన కాడికెల్లి మీరు తీస్కపోయిన కాడికల్ల వచ్చిన. ఒక్కసారి నేననుకున్న కాడికి పోయొస్త. వచ్చినంక మీ ఇష్టమున్నన్ని రోజులు కోపం చేయుండ్రి."

కైలాసం ఫోను తీసి టికెట్ వంక చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకుని ముఖం తిప్పుకున్నాడు.

ఇంట్లోకి వస్తుంటే అప్పుడు పట్టుకుంది లీలకు భయం. ఆ భయం కైలాసం గురించి కాదు. సంధ్య అంతా వినే ఉంటుంది. కోడలి కోసం పోతలేనని పదిమందిలో అరిచిన అత్తను ఆ పిల్ల ఏమనుకోవాలి? తన కోసం ఆ మాత్రం కూడా ఎవరికీ పట్టలేదా అని కుమిలిపోదా?

సంధ్య వంటింటి గడప మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి.

"నిజంగనే నా కోసం కాదా అత్తమ్మా?"

"కాదు బిడ్డా. నా కోసమే. నీకొక్కదానికన్న ముందుగాల చెప్పాల్సుండె. తప్పయింది."

సంధ్య రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. లీల కింద కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఏడుపే గాని, ఏడుపు మధ్యలో ఆ పిల్లకు నవ్వు కూడా వస్తోంది.

"ఈ ఇంట్ల ఎవరు ఉపాసమున్నా నా కోసం. ఎవరు గుడికి పోయినా నా కోసం. మామయ్య శనివారం చెప్పులు లేకుంట తిరిగినా నా కోసమే. అందరు నా కోసం చేస్తుంటే నాకు ఊపిరి ఆడుతలేదు అత్తమ్మా." ముక్కు తుడుచుకుంది. "మీరొక్కరన్న మీ కోసం ఒకటి చేసుకుంటున్నరు."

లీలకు కళ్లు నిండాయి. ఏదో ఒకటి అనాలి గనుక, "ఆడికెల్లి నీకేం తేవాలె చెప్పు బిడ్డా," అంది.

"ఏం తేకుండ్రి," అంది సంధ్య. "నా కోసం ఏం తేకుండ్రి అత్తమ్మా. మంచిగ నడిచి రాండ్రి."