కంట్లో తెల్ల మెరుపు

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అందుకే ఈ సంగతిని ఇన్నాళ్ళూ నోటితో చెప్పానే గానీ రాయలేకపోయాను.

కరోనాకు ముందు సంవత్సరం. నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రిలో ఆయాను. పిల్లల్ని దుప్పట్లో చుట్టి కదలకుండా పట్టుకోవడం నా పని. సిస్టర్ ఎర్ర మూత సీసాలోంచి చుక్కలు వేస్తుంది. దాంతో కంటిపాప విచ్చుకుని, డాక్టరుకు లోపలంతా కనబడుతుంది.

విడవలూరు వైపు నుంచి, సముద్రం మీద వేటకు పోయే కుటుంబం రెండేళ్ళ పాపను తెచ్చింది. కుడి కంట్లో తెల్లని మెరుపు. తండ్రికి ఒక కన్ను లేదు.

"నీ కన్ను ఎలా పోయింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"చిన్నప్పుడు చేపముల్లు గుచ్చుకునిందంట మేడం. తీసేసినారు."

"ముల్లుకు ముందే నీకూ ఇట్టా మెరస్తా ఉన్నింది లేరా," అంది అతని తల్లి రమణమ్మ. "మా ఇంటి కళ్ళే అంత మేడం. సీకట్లో దీపం అక్కర్లా."

డాక్టరమ్మ నవ్వలేదు. రెటినోబ్లాస్టోమా అంది. కంటి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ అది, తండ్రి నుంచి బిడ్డలకు రావచ్చు. "ఆ కన్ను తీసినందుకే నువ్వు బతికావు," అని అతనితో చెప్పింది. పాపకూ వెంటనే తీయాలంది. పాప తల్లి ఒళ్ళో ఉన్న నెలల తమ్ముణ్ణి కూడా చూడాలంది.

"ఆడబిడ్డకు కన్ను పీకేదా? గంగమ్మకు వెండి కళ్ళు మొక్కుకున్నా. కొలుపు కానీండి, వస్తాం." కొలుపు జాతరలో మొక్కు తీరకముందే కత్తి పెడితే అమ్మను నమ్మనట్టని రమణమ్మ భయం.

వరండాలో ఆమె చెయ్యి పట్టుకున్నాను. "కొలుపు దాకా ఆగదక్కా."

"నువ్వేమన్నా డాక్టరువా?"

వెండి కళ్ళు సమర్పించాకే వచ్చారు, తమ్ముణ్ణి ఇంట్లో వదిలి. అప్పటికి పాప కన్ను రెప్పలు దాటి పొడుచుకొచ్చింది. జబ్బు తలలోకి పాకింది. కొన్నాళ్ళకు పాప పోయిందని తండ్రి ఫోన్ చేశాడు. అప్పటి నుంచీ ఏ బిడ్డ కంట్లో తెలుపు కనబడినా, ఇంట్లో ఇంకా పిల్లలున్నారా అని ముందు అడుగుతాను.

ఫోన్ వచ్చిన మరునాడు తెల్లవారగానే, తమ్ముణ్ణయినా చూపించమని అడగడానికి బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను.

"మైలలో గడప దాటకూడదు. ముందు మైల తీరనీ," అంది రమణమ్మ.

ఆమె కోడలు, పాప తల్లి, చంటివాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మైల నీకు లేదు గదక్కా. ఎత్తుకుని నడువు. నేను ఎనకాలే వస్తా."

రమణమ్మ అడ్డు రాలేదు.

ఆసుపత్రిలో చుక్కలు వేసి చూస్తే వాడి ఎడమ కంట్లో ఆవగింజంత మచ్చ కనబడింది. "టైముకు తెచ్చారు, కన్ను నిలబెట్టవచ్చు," అంది డాక్టరమ్మ. ఆ మాటకు తల్లి గోడకు ఆనుకుని కూతురి కోసం ఏడ్చింది. నేను పిల్లవాణ్ణి దుప్పటితో సహా గుండెకు పట్టుకుని నిలబడ్డాను.